ఎరువు సొమ్ము

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. కంప్యూటర్ ప్రోగ్రాముల నిర్మాణంలో ఇతరులు తయారుచేసిన అంగాలను తెచ్చి కూర్చుకోవటం నేడు సర్వసాధారణం. సులభంగా లభించిన ఆ అంగాలను ఏళ్ళ తరబడి పోషించటానికి ఎంత వెచ్చించవలసి వస్తుందో ఈ వ్యాసం చర్చిస్తుంది. నిదర్శనాలు తూర్పు కనుమల జీవితం నుండి, కంప్యూటర్‌లో తెలుగు లిపి నడిచిన దారి నుండి తీసుకోబడినవి.

పాఠ్యభాగం

విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే రైలు శృంగవరపుకోట దాటి కొండ ఎక్కటం మొదలుపెట్టగానే ప్రయాణికులందరూ కిటికీల దగ్గర చేరుతారు. శివలింగపురం, త్యాడ, బొర్రాగుహలు, శిమిలిగూడ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక సొరంగం చీకటి ముగిసేలోపే మరొక సొరంగం ఎదురవుతుంది. పిల్లలు కేకలు వేస్తారు, పెద్దలు లోయలను చూసి మురిసిపోతారు. కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే ఈ మార్గాన్ని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయటం కోసం 1960వ దశకంలో నిర్మించారు. దారిలోని సొరంగాలు 58. వాటిని తొలిచినవారి శ్రమను అందరూ కొనియాడుతారు. అయితే వానాకాలపు రాత్రులలో దీపం చేతబట్టుకొని, కొండ చరియ నుండి రాయి జారిందేమో, పట్టా కింద మట్టి కోసుకుపోయిందేమో అని చూసుకుంటూ నడిచే గస్తీ మనిషిని ఎవరూ తలచుకోరు. కొండను తొలిచిన ఖర్చు ఒక్కసారితో తీరిపోయింది. తొలిచిన కొండను కనిపెట్టుకొని ఉండే ఖర్చు మాత్రం ప్రతి వర్షాకాలం కొత్తగా మొదలవుతుంది.

అరకు నుండి ఇంకా లోపలికి, ముంచింగిపుట్టు దాటి ఒడిశా సరిహద్దుకు చేరితే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. 1955లో వెలుగు ఇవ్వటం ప్రారంభించిన ఈ కేంద్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. ఆరు యంత్రాలతో ఏడు దశాబ్దాలుగా నడుస్తున్నది. ఇన్నేళ్ళు ఒక యంత్రాన్ని నడపటమంటే ఏమిటో ఆలోచించండి. యంత్రాలను తయారుచేసేవారు కాలక్రమంలో కొత్త నమూనాలకు మారిపోతారు, పాత విడిభాగాలను పోతపోయటం మానివేస్తారు. కొన్నవారు మాత్రం పాత యంత్రంతోనే మిగిలిపోతారు. యంత్రం ధర కొనుగోలు పత్రం మీద ఉంటుంది. దాని పోషణ ధర ఏ పత్రం మీదా ఉండదు.

కంటికి కనిపించే ఇనుము విషయంలో మనకు సులభంగా తెలిసివచ్చే ఈ సత్యం, కంటికి కనిపించని సాఫ్ట్‌వేర్ విషయంలో ఎందుకో త్వరగా బోధపడదు. సాఫ్ట్‌వేర్ తుప్పు పట్టదు, అరిగిపోదు. ఈనాడు రాసిన వాక్యం పదేళ్ళ తరువాత కూడా అక్షరం తేడా లేకుండా అలాగే ఉంటుంది. మరి దానికి మరమ్మతు ఎందుకు? జవాబు చిన్నది. ప్రోగ్రాం మారదు, దాని చుట్టూ ఉన్న లోకం మారుతుంది. కంప్యూటర్ మారుతుంది, దానిని నడిపే వ్యవస్థ మారుతుంది, చట్టం మారుతుంది, చివరకు జిల్లా పేరు కూడా మారుతుంది. లోకంతో పాటు మారని ప్రోగ్రాం కొంతకాలానికి నిరుపయోగమవుతుందని శాస్త్రజ్ఞుడు లేమన్ 1970వ దశకంలోనే సూత్రీకరించాడు.

ఇక నేటి ప్రోగ్రాముల స్వరూపం చూద్దాం. ఏ ప్రోగ్రామరూ మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు తానే రాయడు. తేదీలు లెక్కించే అంగం ఒకరిది, పటాలు గీసే అంగం మరొకరిది, రసీదు అచ్చువేసే అంగం ఇంకొకరిది. ఇటువంటి వాటిని మనం పరనిర్మిత అంగాలు అందాం. కొన్ని డబ్బుకు దొరుకుతాయి, పెక్కు ఉచితంగానే లభిస్తాయి. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని మన పెద్దలు అన్నారు. ఇక్కడ ఎరువు అంటే పొలంలో చల్లేది కాదు, తిరిగి ఇస్తామని తెచ్చుకొన్న వస్తువు. పెళ్ళికి వెళ్ళేందుకు పొరుగింటి నగ తెచ్చుకొన్న ఇల్లాలికి ఆ పూటంతా మెడమీదే ధ్యాస. నగ బరువు తులాలలో ఉంటుంది, ధ్యాస బరువుకు తూకం లేదు.

ఒక ఊహ చేద్దాం. అరకులోయ దగ్గరి ఒక గ్రామంలో కళాశాలలో చదువుకొంటున్న గిరిజన యువకుడు ఒకడు ఉన్నాడు. తన గ్రామంలోని కాఫీ రైతుల కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాయాలనుకొన్నాడు. ఏ రైతు ఏ రోజు ఎన్ని కిలోల కాఫీ పండ్లు కాటా మీద పెట్టాడు, ధర ఎంత, అందిన సొమ్ము ఎంత, రావలసినది ఎంత అన్నది నమోదు కావాలి. రైతు చేతికి తెలుగులో రసీదు రావాలి. తూకం దగ్గర మోసపోయిన తాతల కథలు విని పెరిగిన ఆ యువకుడికి ఇది ఆటవిడుపు పని కాదు. అతడు పన్నెండు పరనిర్మిత అంగాలను తెచ్చుకొని, రెండు వారాలలో ప్రోగ్రాం పూర్తిచేశాడు. పంట కాలం సజావుగా గడిచింది. గ్రామమంతా మెచ్చుకొన్నది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. లెక్క కోసమే కొన్ని అంకెలు అనుకొందాం. ఒక అంగాన్ని సొంతంగా రాయటానికి 20 రోజులు పడుతుంది, తరువాత దానిని చూసుకోవటానికి ఏడాదికి ఒక రోజు చాలు. అదే పనిచేసే పరనిర్మిత అంగాన్ని తెచ్చి అమర్చటానికి 2 రోజులే పడుతుంది. కాని ఆ అంగం కర్త విడుదల చేసే కొత్త కూర్పులను చదవటం, మార్చటం, మార్చినందువల్ల చెడిన మరొక భాగాన్ని సరిచేయటం, అన్నీ కలిపి ఏడాదికి 3 రోజులు. తొలి సంవత్సరం చివర సొంతదానికి 21 రోజులు, ఎరువుదానికి 5 రోజులు. ఎరువే ఎంతో మేలు అనిపిస్తుంది. తొమ్మిదో ఏట రెండూ 29 రోజులతో సమానమవుతాయి. పదో ఏటి నుండి ఎరువుదే భారం. తొమ్మిదేళ్ళు చాలా దూరం కదా అని మీరు అనవచ్చు. కాని యువకుడు తెచ్చుకొన్నది ఒక్క అంగం కాదు, పన్నెండు. ఏటా 36 రోజులు, అంటే నెలకు మూడు రోజుల చొప్పున, కొత్తగా ఏ మేలూ చేయని పనికే పోతాయి. అతడు డిగ్రీ పూర్తిచేసి విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరిన తరువాత ఈ 36 రోజులు ఎవరివి? ఈ ప్రశ్నకు ప్రోగ్రాం రాసిన రోజున సమాధానం ఆలోచించినవారు అరుదు.

లోకం మారటమంటే ఏమిటో మన రాష్ట్రమే చక్కగా చూపింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. 2016లో తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటైనాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరైనాయి. ఆనాటి వరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న అరకు, పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. చిరునామా అడిగే ప్రతి ప్రోగ్రాంలోనూ ఆ పట్టిక మారాలి. పట్టికను స్వయంగా రాసుకొన్నవారు ఒక పూటలో మార్చుకోగలరు. ఎక్కడో దూరదేశంలో ఎవరో తయారుచేసిన చిరునామా అంగాన్ని తెచ్చుకొన్నవారు ఆ ఎవరో మేలుకొనే వరకు ఎదురుచూడాలి. పాడేరు జిల్లా కేంద్రమైన సంగతి వారికి ఎవరు చెబుతారు?

తెలుగువారికి ఈ విషయంలో ఎవరూ పాఠం చెప్పవలసిన అవసరం లేదు. మనం అనుభవించి తెలుసుకొన్నాం. ప్రపంచ లిపులన్నింటికీ ఒకే సంకేత వ్యవస్థగా ఏర్పడిన యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు లభించింది. అయితే సామాన్యుడి కంప్యూటర్‌లో ఆ తెలుగు కనిపించటానికి మరొక పదేళ్ళు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అనే ఫాంట్ అందింది. ఈ నడుమ పత్రికలు, ముద్రణాలయాలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు, కూర్చోలేవు కూడా. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చిన సొంత ఫాంట్లను తయారుచేసుకొన్నాయి. ఒకరి అమరిక మరొకరికి సరిపడదు. ఒకరు ‘క’ పెట్టిన చోట మరొకరు కొమ్ము పెట్టారు. తెర మీద చూస్తే చక్కని తెలుగు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు.

పుస్తక ముద్రణలో కథ మరింత లోతైనది. మన పట్టణాలలోని డి.టి.పి. కేంద్రాలు చాలావరకు రెండు వస్తువుల మీద ఆధారపడినాయి. ఒకటి పేజీలను కూర్చే పేజ్‌మేకర్, రెండవది అందులో తెలుగు రాయటానికి అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే సంస్థ చేతుల్లో పుట్టింది. 1994లో అడోబీ ఆ సంస్థను తనలో కలుపుకొన్నది. 2001లో వచ్చిన ఏడవ కూర్పే చివరిది. తరువాత అడోబీ తన దృష్టిని ఇన్‌డిజైన్ వైపు మళ్ళించి, 2004లో పేజ్‌మేకర్ అభివృద్ధి నిలిచిపోయినట్లు ప్రకటించింది. అమెరికాలో జరిగిన ఆ నిర్ణయం విజయవాడలో, హైదరాబాదులో, విజయనగరంలో ఉన్న డి.టి.పి. ఆపరేటర్‌ను అడిగి జరగలేదు. అతని దగ్గర వందల పుస్తకాల ఫైళ్ళు ఉన్నాయి. ఆ ఫైలు తెరవాలంటే పాత పేజ్‌మేకర్ కావాలి. అది నడవాలంటే పాత విండోస్ కావాలి. పాత విండోస్‌ను నడపటానికి చాలాచోట్ల పాత కంప్యూటరే ఆధారం. ఒక మూల దుమ్ము కప్పుకొన్న పాత పెట్టెను ‘ఇది పారేయకండి, పాత పుస్తకాలు ఇందులోనే తెరుచుకుంటాయి’ అని దాచిపెట్టుకొనే కేంద్రాలు నేటికీ కనిపిస్తాయి. దానిని చూసి నవ్వవలసినది ఏమీ లేదు. మాచ్‌ఖండ్ ఇంజనీరు పాత విడిభాగాన్ని దాచుకొన్నట్లే ఇతడూ దాచుకొన్నాడు.

పాత ఫాంట్లలో ఉన్న వార్తలను యూనికోడ్‌లోకి మార్చి చూపటానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే పొడిగింపును తయారుచేశారు. అది ఫైర్‌ఫాక్స్ అనే విహరిణిలో ఇమిడి పనిచేసేది. ఎందరో తెలుగువారికి అది కళ్ళజోడు వంటిదైంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తన అంతర్నిర్మాణాన్ని మార్చుకొన్నది. పాత పద్ధతిలో రాసిన పొడిగింపులన్నీ తిరిగి రాస్తే తప్ప పనిచేయని స్థితి ఏర్పడింది. ఫైర్‌ఫాక్స్ చేసినది తప్పు కాదు. వేగం కోసం, భద్రత కోసం దానికి ఆ మార్పు అవసరమే. కాని ఒక అంగం మీద మరొక అంగం, దాని మీద ఇంకొకటి పేర్చినప్పుడు, అడుగున ఉన్నవాడు కాస్త సర్దుకొని కూర్చున్నా పైనున్నవాడు కిందపడతాడు.

మరొక సంఘటన 2018 ఫిబ్రవరిలో జరిగింది. ‘జ్ఞా’ అనే మన అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిపి, ఎవరైనా ఐఫోనుకు సందేశంగా పంపితే, ఆ సందేశం చూపబోయిన అప్లికేషన్ కుప్పకూలేది. కొన్నిసార్లు తిరిగి తెరుచుకొనేదే కాదు. ఆయా అప్లికేషన్లను తయారుచేసిన సంస్థల తప్పు ఇందులో లేదు. అక్షరాలను తెర మీద చిత్రించే అంగం ఆపిల్ సంస్థది, అందరూ దానినే వాడుకొంటున్నారు. లోపం అక్కడ ఉన్నది. ఆ నెల 19న ఆపిల్ సవరించిన కూర్పును విడుదల చేసేవరకు మిగిలినవారందరూ నిస్సహాయులే. జ్ఞానం అనే మాట మొదటి అక్షరమే లోకంలోని ఫోన్లను నిలబెట్టిందని ఆనాడు తెలుగువారు నవ్వుకొన్నారు.

విశాల ప్రపంచంలోనూ ఇటువంటివి కొల్లలు. 2016 మార్చిలో ‘లెఫ్ట్ ప్యాడ్’ అనే అంగాన్ని దాని కర్త ఒక వివాదం వల్ల ఉపసంహరించుకొన్నాడు. అది చేసే పని ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చటం మాత్రమే, పట్టుమని పదకొండు పంక్తులు. దాని మీద ఆధారపడిన వేలాది ప్రోగ్రాముల నిర్మాణం ఆ పూట ఆగిపోయింది. 2021 డిసెంబరులో ‘లాగ్ ఫోర్ జే’ అనే అంగంలో బయటపడిన లోపం బ్యాంకులను, ప్రభుత్వాలను నిద్రపోనివ్వలేదు. ఆశ్చర్యమేమంటే, తమ ప్రోగ్రాములలో ఆ అంగం ఉన్నదని పెక్కు సంస్థలకు తెలియనే తెలియదు. తాము తెచ్చుకొన్న అంగం తన కోసం తెచ్చుకొన్న మరొక అంగంలో అది దాగి ఉన్నది.

2024 మార్చిలో వెలుగుచూసిన ‘ఎక్స్‌జడ్’ ఉదంతం వీటన్నింటికంటె ఆలోచింపజేసేది. ఫైళ్ళను కుదించే ఈ అంగాన్ని ఏళ్ళుగా ఒకే ఒక వ్యక్తి, జీతం లేకుండా, తీరిక వేళల్లో పోషిస్తూ వచ్చాడు. అలసిపోయిన అతనికి సాయం చేస్తానంటూ మారుపేరుతో ఒకరు దగ్గరై, రెండేళ్ళకు పైగా ఓపికతో నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి అమర్చారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్‌లోకి ప్రవేశించటానికి మామూలుకంటె దాదాపు అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించి, కారణం వెతికి ఆ మోసాన్ని బయటపెట్టాడు. కొండదారిలో గస్తీ మనిషి చేసేది కూడా ఇటువంటి పనే. లోకమంతా వాడుకొంటున్న అంగానికి ఒక్కడే కాపలా అన్న సంగతి అంతవరకు ఎంతమందికి తెలుసు? ఉచితంగా దొరికిన అంగం వెనుక ఒక మనిషి పగలు రాత్రి ఉంటాయి. ఆ ఖర్చును మనం చెల్లించకపోతే అతడు చెల్లిస్తున్నాడు.

అయితే పరనిర్మిత అంగాలను అసలే ముట్టరాదా? అలా అనటం మూర్ఖత్వం. రహస్య సంకేతాలను భద్రపరిచే అంగాన్ని ప్రతివాడూ సొంతంగా రాసుకొంటే జరిగే కీడు అంతా ఇంతా కాదు. తెలుగు ఒత్తులను, గుణింతాలను తెర మీద సరిగా కూర్చే అంగాన్ని మన కాఫీ యువకుడు ఒక జన్మలో రాయలేడు, రాయవలసిన పని కూడా లేదు. పదకొండు పంక్తుల పనికి మాత్రం ఎవరి గుమ్మమూ తొక్కనవసరం లేదు. ఈ రెండింటి నడుమ ఉన్నవే కష్టమైనవి. అక్కడ అడగవలసినది ‘ఇది నేడు పనిచేస్తుందా?’ అని కాదు. దీనిని పోషిస్తున్నవారు ఎందరు? వారు మానివేస్తే మనం తెరచి చూసి బాగుచేసుకోగలమా? అందుకు అనుమతి ఉన్నదా? దీనిని తీసివేయవలసి వస్తే ఎన్ని చోట్ల కోత పెట్టాలి? ఈ చివరి ప్రశ్నను ముందే తలచినవాడు, ఎరువు అంగాన్ని ప్రోగ్రాం అంతటా పాకనివ్వక ఒక మూల కట్టిపెడతాడు.

కాఫీ తోటల్లో ఇది మరొక రూపంలో కనిపిస్తుంది. అరకు కాఫీ నీడన పెరిగే పంట. ఆ నీడ కోసం ఆస్ట్రేలియా జాతికి చెందిన సిల్వర్ ఓక్ చెట్లను పెద్దయెత్తున నాటారు. అవి త్వరగా, నిటారుగా పెరుగుతాయి. మిరియాల తీగ పాకటానికీ పనికివస్తాయి. నాటిన ఖర్చు నాటిన ఏడే తీరుతుంది, కొమ్మలు నరికి నీడను సరిచేసే పని మాత్రం ఏటా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ చెట్లు విరివిగా కూలి, కింద ఉన్న కాఫీ మొక్కలను నలిపివేశాయి. నీడ తిరిగి రావటానికి ఏళ్ళు పట్టింది. అలాగని సిల్వర్ ఓక్ వద్దని రైతులు అనలేదు. దానితో పాటు పనస, మామిడి వంటి స్థానిక వృక్షాలను కలిపి పెంచుకొన్న తోటలో ఒకే జాతి మీద భారమంతా ఉండదని తెలిసినవారు ముందూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఫాంట్ల విషయంలోనూ మనవారు ఆలస్యంగానైనా మేలుకొన్నారు. సిలికానాంధ్ర వంటి సంస్థల కృషితో గిడుగు, గురజాడ, మండలి, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా అనుమతితో వెలువడినాయి. వీటిని ఎవరైనా వాడుకోవచ్చు, లోపముంటే తెరచి సరిదిద్దవచ్చు. కర్త మరలిపోయినా ఫాంట్ మూతపడదు. ఎరువు సొమ్మే అయినా తాళంచెవి మన దగ్గర కూడా ఉన్న సొమ్ము ఇది.

గిడుగు పేరు రావటం ఇక్కడ కేవలం యాదృచ్ఛికమే, అయినా ఒక మాట చెప్పక తప్పదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండి, తూర్పు కనుమల సవరల భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించారు. ఆ పుస్తకం దొరికితే నేడైనా తెరచి చదువుకోవచ్చు. ఏ కూర్పూ అక్కరలేదు. 2004 ప్రాంతంలో మన ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒరియా మొదలైన ఎనిమిది భాషలలో గిరిజన బాలల కోసం తెలుగు లిపిలో వాచకాలు తీసుకొనిరావటం ప్రారంభించింది. ఇల్లు మాట్లాడే భాషలో బడి ఆ పిల్లలను పలకరించింది. ఏ భాషకైనా వాచకం ఒకసారి అచ్చయితే సరిపోదు. తప్పులు దిద్దాలి, పాఠాలు చేర్చాలి, పది ఇరవై ఏళ్ళకు మళ్ళీ అచ్చువేయాలి. మూలం యూనికోడ్‌లో ఉంటే అది ఒక వారం పని. మూతపడిన ఫాంట్‌లో, ఆగిపోయిన ప్రోగ్రాంలో ఉంటే, ఆ భాష తెలిసిన మనిషిని వెతికి పట్టుకొని, అచ్చు ప్రతిని పక్కన పెట్టుకొని, మొదటి పేజీ మొదటి అక్షరం నుండి మళ్ళీ టైపు చేయించాలి.

ఆలోచించండి – రాయండి

1. ‘యంత్రం ధర కొనుగోలు పత్రం మీద ఉంటుంది. దాని పోషణ ధర ఏ పత్రం మీదా ఉండదు.’ ఈ వాక్యాలను సందర్భసహితంగా వివరించండి.
2. కాఫీ రైతుల ప్రోగ్రాం లెక్కలో ఎరువు అంగానికి ఏటా 2 రోజులే పడితే, సొంత అంగంతో అది ఎన్నవ ఏట సమానమవుతుంది?
3. పేజ్‌మేకర్ నిలిచిపోవటం వల్ల తెలుగు ముద్రణకు కలిగిన ఇబ్బందులను సొంతమాటలలో రాయండి.
4. మీ ఊరిలోని డి.టి.పి. కేంద్రానికి వెళ్ళి, అక్కడ పాత పుస్తకాల ఫైళ్ళు ఏ ఫాంట్లలో ఉన్నాయో, వాటిని ఎలా తెరుస్తున్నారో తెలుసుకొని ఒక పుట రాయండి.